జీతం ఎంత అని కాదు, ఎట్ల వస్తది అని కూడా అడగండి

 కొంచెం పెద్ద పోస్టు. తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన వారం డిగ్రీ అయిపోయిన ఒక తమ్ముడు ఇక్కడ అడిగిండు: "అన్నా, దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు ఉద్యోగాలు దొరికినయ్. ఒకదాంట్ల 16 వేలు చేతికే ఇస్తరట. ఇంకోదాంట్ల 15 వేలని చెప్పి, పీఎఫ్, ఈఎస్ఐ కోసి 13 వేల చిల్లర బ్యాంకుల వేస్తరట. ఏది మేలు?" చాలామంది 16 వేలదే తీసుకోమన్నరు. నెలకు మూడు వేల తేడా మనలాంటోళ్లకు చిన్నది కాదు, వాళ్లు అన్నదాంట్లో తప్పేం లేదు. కానీ కరోనా ఏడాది మా రూంలో నేను చూసింది వేరే ఉంది. అది చెప్తే ఆ తమ్ముడికే కాదు, కొత్తగా ఉద్యోగాలల్ల చేరేటోళ్లందరికీ పనికొస్తదని రాస్తున్న.

2020లో మేం నలుగురం కొత్తపేట దగ్గర ఒక గల్లీలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. అద్దె 8 వేలు, తలా రెండు వేలు. నలుగురం దేవరకొండ దిక్కు తండాల వాళ్లమే. సాగర్ రోడ్డు మీద బస్సెక్కితే మనకు హైదరాబాద్ అంటే ముందు ఎల్‌బీ నగరే కదా. కోచింగ్‌కు వచ్చి, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసి, చివరికి ఏదో ఒక ఉద్యోగంలో చేరి ఇక్కడే ఉండిపోయినోళ్లం. నలుగురి ఇండ్లల్ల కూడా మొదటి నెలజీతం మాదే. మా కంటే ముందు ఇంట్లో ఎవరికీ ఒకటో తారీఖు అంటే ఏందో తెల్వదు. పంట అమ్మినప్పుడో, కూలికి పోయినప్పుడో చేతిలో పైసలు కనపడేవి.

ఒకే రూంలో నాలుగు రకాల జీతాలు ఉండేవి.

నేను ఒక కోచింగ్ సెంటర్‌లో అడ్మిషన్లు, లెక్కలు చూసేవాణ్ణి. జీతం 18 వేలు. అందులో 12 వేలు బ్యాంకులో, 6 వేలు చేతికి. పీఎఫ్ లేదు. రూంలో పెద్దన్న ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్, 14 వేలు. ఇంకో అన్న సర్కారు ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ కింద డేటా ఎంట్రీ, 15 వేలు, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నయ్. అందరికంటే చిన్నోడు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద బట్టల షాపులో సేల్స్‌మన్, 11 వేలు, అంతా చేతికే.

నా నెల లెక్క చెప్తా, అప్పుడే మిగతాది అర్థమైతది. అద్దె 2,000. తిండి 2,500. ఫోను, బస్సు 1,200. ఇంటికి 4,000. చిట్టీ 2,000. నల్గొండలో నర్సింగ్ చదివే చెల్లె కోసం పక్కన పెట్టేది 2,500. 2019 వానకాలంలో బోరుకు, చెల్లె అడ్మిషన్‌కు కలిపి బ్యాంకులో లక్ష రూపాయలు పర్సనల్ లోన్ తీసుకున్న. 16 శాతం వడ్డీ, మూడేండ్లు, ఈఎంఐ 3,516. మొత్తం కూడితే 17,716. నెలాఖరుకు మిగిలేది 284 రూపాయలు. దీంట్ల సినిమా లేదు, దుబారా లేదు. మన దగ్గర జీతం ఒక్క మనిషిది కాదు. బాపు పొలం, యాడి మందులు, చెల్లె చదువు అన్నీ ఆ ఒక్క జీతం మీదనే నిలబడి ఉంటయ్. అందుకే అది ఆగితే ఒక్క మనిషి కాదు, ఇల్లంతా ఆగుతది.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ రోజే మెట్రో ఆగింది. తెల్లారి నుంచి రాష్ట్రంలో లాక్‌డౌన్, 25 నుంచి దేశమంతా. దిల్‌సుఖ్‌నగర్ సంగతి మీకు తెలుసు. ఆఫీసులకంటే ఇక్కడ విద్యార్థులు ఎక్కువ, విద్యార్థుల మీద బతికేటోళ్లు ఇంకా ఎక్కువ. హాస్టళ్లు ఖాళీ చేయమంటే, ఊరికి పోయేందుకు పాసుల కోసం నగరంలో పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు బారులు కట్టిండ్రు. తర్వాత సర్కారు హాస్టళ్లు మూయొద్దని చెప్పింది గానీ అప్పటికే చాలామంది వెళ్లిపోయిండ్రు. పిల్లలు పోయినంక కోచింగ్ సెంటర్‌కు ఫీజు లేదు. మెస్‌కు గిరాకీ లేదు. మెస్‌లో వంటామెకు పని లేదు. జిరాక్స్ షాపు పిలగానికి, కర్రీ పాయింట్‌లో పొట్లాలు కట్టేటాయనకు, హాస్టల్ వాచ్‌మన్‌కు జీతం లేదు. ఒక విద్యార్థి సంచి సర్దుకుని పోతే ఆయన వెనుక ఎంతమంది జీతాలు పోతయో అప్పుడే తెలిసింది. ఏప్రిల్‌లో కొత్తపేట పండ్ల మార్కెట్‌ను కూడా రద్దీ అని కోహెడకు మార్చిండ్రు. దాంతో హమాలీల పని కూడా ఇక్కడి నుంచి పోయింది.

మార్చి 30న రాష్ట్ర ప్రభుత్వం తన ఉద్యోగుల జీతాల్లో కోత ప్రకటించింది. ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేలకు 75 శాతం, ఐఏఎస్, ఐపీఎస్‌లకు 60, మిగతా ఉద్యోగులకు 50, నాలుగో తరగతి, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్లకు 10 శాతం. మా బావ ఆశ్రమ పాఠశాలలో సర్కారు టీచర్. ఆయన జీతంలో నెలకు దాదాపు 20 వేలు ఆగింది, మూడు నెలలకు 60 వేలు. ఇంటి లోన్ ఉన్న మనిషి, గాబరా పడ్డడు. మా రూంలో అవుట్‌సోర్సింగ్ అన్నకు నెలకు 1,500 తగ్గింది.

నాకు మార్చిలో 13 వేలు ఇచ్చిండ్రు. ఏప్రిల్‌లో 6 వేలు. మే, జూన్ సున్నా. జూలైలో ఆన్‌లైన్ క్లాసులు మొదలైనంక సగం జీతం, 9 వేలు. అట్ల 2021 జనవరి దాకా. కూడితే నేను పోగొట్టుకున్నది లక్షా 16 వేలు. బావకు ఆగిన 60 వేలు ఆ ఏడాది చివర్ల నుంచి సర్కారు విడతలుగా తిరిగి ఇచ్చింది. నా లక్షా 16 వేలు తిరిగి అడగడానికి ఒక్క కాయితం లేదు. పెద్దన్నకు మార్చి సగం జీతమే, ఆ తర్వాత స్కూలు ఫోన్ కూడా ఎత్తలేదు. చిన్నోడికి షాపు ఓనర్ 3 వేలు, ఒక బియ్యం సంచి ఇచ్చి "తెరిచినంక పిలుస్త" అన్నడు. ఆయన పాపం అంతకన్నా ఏం చేస్తడు, ఆయన షట్టరే మూసి ఉండె.

అదే కరోనా, అదే రూం. ఎవరి జీతం ఎక్కువ అనేదాన్ని బట్టి దెబ్బ తగలలేదు. ఎవరి జీతం కాయితం మీద ఉంది అనేదాన్ని బట్టి తగిలింది.

సాయాలు కూడా అట్లనే వచ్చినయ్. ఒక్కొక్కటి చెప్తా.

మొదటిది మారటోరియం. మార్చి 27న రిజర్వ్ బ్యాంకు మూడు నెలలు ఈఎంఐలు వాయిదా వేసుకోవచ్చని చెప్పింది. తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించింది. టీవీల చూసి చాలామంది మాఫీ అనుకున్నరు. మాఫీ కాదు, వాయిదా. నాకు జీతమే లేదు, కాబట్టి వేరే దారి లేక తీసుకున్న. అవుట్‌సోర్సింగ్ అన్న, నేను ఒక రాత్రి కూసొని లెక్క వేసినం. అప్పటికి నాకు ఇంకా 80 వేలు బాకీ. ఆరు నెలలు కట్టకపోతే దానికి వడ్డీ, వడ్డీ మీద వడ్డీ కలిసి 86,600 దాటుతది. ఈఎంఐ మార్చకుండా కడితే ఆగిన ఆరు కిస్తీలు చివరికి పోవుడే కాదు, వాటి మీద దాదాపు ఇంకో మూడు కిస్తీలు ఎక్కువ. అంటే దగ్గర దగ్గర 10 వేలు. కోర్టులో కేసు నడిచినంక కేంద్రం అక్టోబర్‌లో 2 కోట్ల లోపు అప్పులకు వడ్డీ మీద వడ్డీ వాపసు ఇస్తామంది. మెసేజ్ వచ్చిందని సంతోషంగా చూస్తే నాకు పడింది రెండు వందల చిల్లర! అసలు వడ్డీ అసలు వడ్డీయే, పోయేది కేవలం దాని మీది వడ్డీ. అయినా మారటోరియం లేకపోతే చెక్ బౌన్స్ ఛార్జీలు, రికవరీ వాళ్ల ఫోన్లు ఉండేవి. ఊపిరి తీసుకునే టైం ఇచ్చింది, దాని ఖరీదు తీసుకుంది. మళ్లీ అది కూడా బ్యాంకు అప్పు ఉన్నోళ్లకే. చిన్నోడు ఊర్ల నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుకు ఏ మారటోరియం ఉంటది?

రెండోది పీఎఫ్. మార్చి 28న నిబంధన మార్చి, మూడు నెలల బేసిక్, డీఏ గానీ, ఖాతాలో ఉన్నదాంట్ల 75 శాతం గానీ, ఏది తక్కువైతే అంత తీసుకోవచ్చన్నరు. తిరిగి కట్టే పని లేదు. మా రూంలో అది ఒక్క అన్నకే ఉండె. ఆయన క్లెయిమ్ పెడితే మొదటిసారి రిజెక్ట్. ఎందుకంటే ఆధార్‌లో ఇంటిపేరు ఒక తీరు, పీఎఫ్‌లో ఇంకో తీరు. ఇది మన అందరి గోస. స్కూల్లో సార్ ఒకటి రాస్తడు, ఆధార్ సెంటర్ ఆపరేటర్ ఇంకోటి కొడతడు. ఒకే ఇంట్ల అన్న జటావత్, తమ్ముడు జాటోతు. ఒక కాయితంలో నాయక్ ఉంటది, ఇంకోదాంట్ల ఉండదు. ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడా ఉన్నా కంప్యూటర్‌కు వాళ్లిద్దరు మనుషులు. ఏజెన్సీ ఆఫీసు మూసి ఉండె, సరిచేసే సంతకం దొరకలేదు. జూలైలో గానీ 30 వేలు పడలేదు. ఆ 30 వేలల్ల మా రూం మూడు నెలల అద్దె కట్టినం, అందరిదీ ఆయనే కట్టిండు. అద్దె మూడు నెలలు అడగొద్దని ప్రభుత్వం ఏప్రిల్‌లో ఇంటి ఓనర్లకు చెప్పింది నిజమే, కానీ అది కూడా వాయిదానే. మా ఓనర్ అంకుల్ రిటైర్డ్ ఉద్యోగి. ఆయన పెన్షన్‌లో కూడా కోత పడింది. "బేటా, మీరు ఇస్తేనే నా మందులు" అన్నడు. ఎవరి మీద కోపం తెచ్చుకుంటం?

మూడోది ఈఎస్ఐ. ఉద్యోగం పోయిన కార్మికులకు 90 రోజుల దాకా జీతంలో 25 శాతం ఇచ్చే పథకం ముందే ఉంది. కరోనా టైంలో దాన్ని 50 శాతం చేసిండ్రు. ఇది మన గ్రూపులో ఎంతమందికి తెలుసో చెప్పండి. ఈఎస్ఐ నంబర్ ఉండి, కొంతకాలం చందా కట్టి ఉంటేనే అది వర్తిస్తది. పెద్దన్నకు, చిన్నోడికి, నాకు ఆ నంబరే లేదు.

ఇంక మాకు మిగిలింది తండా. చిన్నోడు, నేను మే నెలలో ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా బండి మీద ఊరికి పోయినం. తండాలో ఆ ఎండాకాలం డిగ్రీ పిలగాండ్లు, బీఈడీ చేసినోళ్లు, పట్నంలో ఉద్యోగాలు చేసినోళ్లు అందరూ ఉపాధి హామీ పనిలో కలిసిండ్రు. ఆ ఏడాది రోజు కూలి 237 రూపాయలు. కొలత ప్రకారం ఇచ్చేది కాబట్టి అంత కూడా పడేది కాదు. అదే పని మీద మా బాపు నన్ను బడికి పంపిండు. జూన్ చివర్ల రైతుబంధు పడింది, రెండున్నర ఎకరాలకు 12,500. ఆ వానకాలం మా ఇంట్ల నా జీతం కంటే ముందు బాపు పైసలే వచ్చినయ్.

చెల్లె కాలేజీ వాళ్లు ఆన్‌లైన్ క్లాసులు చెప్తున్నం, ఫీజు కట్టాల్సిందే అన్నరు. సగం జీతంతో నాతోని కాలే. చుట్టాలు వచ్చి, "ఇప్పుడు తక్కువ మందితోని తక్కువ ఖర్చుల అయిపోతది, సంబంధం ఉంది" అని మొదలుపెట్టిండ్రు. మా తండాలో ఆ ఏడాది ఇద్దరు ఆడపిల్లల చదువు అట్లనే ఆగింది. యాడి ఏం మాట్లాడలే. తెల్లారి ట్రంకు పెట్టె తీసి, తన పెండ్లప్పటి వెండి మూటగట్టి బాపు చేతిల పెట్టింది. బ్యాంకుల్లో బంగారం మీద అప్పు దొరికేది. ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు బంగారం విలువలో 90 శాతం దాకా ఇయ్యొచ్చని కూడా పెంచింది. మన యాడిలకు ఉన్నది బంగారం కాదు, వెండి. దానికి అప్పట్ల బ్యాంకు తలుపు లేకుండె. దేవరకొండల సేటు దగ్గర నూటికి రెండు వడ్డీకి కుదువ పెడితే 22 వేలు వచ్చినయ్. చెల్లె ఫీజు కట్టినం. ఆ వెండి విడిపించేసరికి 2022 అయింది. ఒక జత కడియాలు వడ్డీ కిందనే పోయినయ్.

చిన్నోడి కథ ఇంకా ఇబ్బంది. షాపు తెరిచినంక రమ్మన్నరు, 7 వేలకు. చాలక ఫోన్‌లో లోన్ యాప్ పెట్టుకున్నడు. 5 వేలు అని చూపించి చేతికి 3,500 ఇచ్చిండ్రు, ఏడు రోజుల్లో మొత్తం కట్టాలె. కట్టడం ఆలస్యమైతే ఫోన్‌లో ఉన్న నంబర్లందరికీ దొంగ అని మెసేజ్‌లు. వాళ్ల నాయనకు, సార్లకు, నాకు వచ్చినయ్. 2020 డిసెంబర్‌లో ఈ యాప్‌ల వేధింపులకు రాష్ట్రంలో కొందరు ప్రాణాలు తీసుకుంటే హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు అరెస్టులు చేసిండ్రు. పిలగాడు అప్పటిదాకా ఎవరికీ చెప్పలే. ఆయనకు జీతం స్లిప్ ఉంటే బ్యాంకో, సొసైటీయో ఏదో ఒకటి దొరికేది. స్లిప్ లేని వాణ్ణి అడగకుండా అప్పిచ్చేది ఆ యాప్ ఒక్కటే. అందుకే అది వానికి సులువుగ దొరికింది.

2021లో స్కూళ్లు ఫిబ్రవరిలో తెరిచి మార్చి 24న మళ్లీ మూసిండ్రు. ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు స్కూళ్ల టీచర్లకు, సిబ్బందికి నెలకు 2 వేలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. పెద్దన్నకు వచ్చినయ్, ఎందుకంటే ఆయన పేరు గుర్తింపు ఉన్న స్కూల్ రికార్డుల ఉంది. ఏడాది ఆలస్యమైనా ఆ రెండు వేలు ఆయన కండ్లకు అద్దుకున్నడు. కోచింగ్ సెంటర్ల వాళ్లకు అది లేదు. మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్. ఆ నెల్లనే అవుట్‌సోర్సింగ్ అన్న వాళ్ల నాయనకు కరోనా వచ్చి ఆక్సిజన్ దాకా పోయింది. ప్రైవేటు ఆస్పత్రిలో వార్డుకు రోజుకు 4 వేలు, వెంటిలేటర్ ఉన్న ఐసీయూకు 9 వేలు అని 2020లోనే సర్కారు రేట్లు పెట్టింది, కానీ మందులని, కిట్లని ఆయనకు బిల్లు లక్షన్నర దాటింది. మే 31న పీఎఫ్ నుంచి రెండోసారి కోవిడ్ అడ్వాన్స్ తీసుకునే వీలు ఇచ్చిండ్రు. అప్పటికి పేరు సరిచేసుకుని ఉండె కాబట్టి ఈసారి వారంలో పడింది. మనిషి బతికిండు.

తమ్ముడూ, ఇప్పుడు నీ ప్రశ్నకు వస్త. 16 వేలు చేతికి, 13 వేల చిల్లర బ్యాంకుకు. తేడా మూడు వేలు అనుకుంటున్నవు. రెండో దాంట్ల నీ పేరు మీద నెలకు 1,800 పీఎఫ్‌కు పోతది. యజమాని తన దిక్కు నుంచి ఇంకో 1,800 కట్టాలె, అది కొంత నీ ఖాతాకు, కొంత పెన్షన్‌కు పోతది. ఈఎస్ఐకి నీవి 113 అయితే ఆయనవి దాదాపు 490. ఇంట్లో అమ్మానాన్నలు నీ మీద ఆధారపడి ఉంటే వాళ్ల వైద్యం కూడా దాంట్లకే వస్తది. అంటే ఆ ఉద్యోగం విలువ 13 వేలు కాదు, 17 వేలు దాటుతది. నెల గడవడానికి మొదటిది మేలు కావొచ్చు. ఇంట్లో రేపటి తిండికే కష్టం ఉంటే అది తీసుకున్నా నిన్ను ఎవరూ తప్పు పట్టరు. కానీ కష్టం వచ్చిన రోజు "ఈయన ఇక్కడ పని చేసిండు" అని చెప్పేది రెండోది ఒక్కటే.

ఉద్యోగంలో ఉన్నోళ్లు, చేరబోయేటోళ్లు ఈ నాలుగు పనులు చేసి పెట్టుకోండి.

ఒకటి, చేరిన రోజే నియామక పత్రం, నెలనెలా జీతం స్లిప్ అడగండి. ఇరవై మంది పైన పనిచేసే చోట పీఎఫ్, పది మంది పైన ఉంటే ఈఎస్ఐ వర్తిస్తది. అడిగితే తీసేస్తరని భయం నిజమే, అందుకే ఒక్కరు కాదు, నలుగురు కలిసి అడగండి.

రెండు, టెన్త్ మెమో, ఆధార్, పాన్, బ్యాంకు, పీఎఫ్ అన్నింట్ల ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకే తీరుగ ఉన్నయో లేవో ఈ వారమే చూసుకోండి. పని బాగున్నప్పుడు సరిచేసుకుంటే ఒక్క సంతకంతో అయిపోతది. కష్టంలో ఆ సంతకం దొరకదు.

మూడు, బ్యాంకు ఖాతాలో ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా పెట్టించుకోండి, అమ్మానాన్నలకు వయసు సరిపోతే వాళ్లకు కూడా. అప్పట్ల జీవన్ జ్యోతి 330 ఉండె. మా పక్క తండాలో కరోనాతో చనిపోయిన ఒకాయన ఇంటికి ఆ 330 వల్లనే 2 లక్షలు వచ్చినయ్.

నాలుగు, చిట్టీ కంటే ముందు రూం ఖర్చు, ఈఎంఐ కలిపి మూడు నెలలది పక్కన పెట్టండి. నెలకు 500 పెట్టినా సరే. మా నలుగుట్ల ఎవరికీ అంత మిగిలే జీతం లేకుండె, ఆ సంగతి తెలిసే చెప్తున్న. ఒక్కరితోని కాకపోతే రూం మొత్తం కలిసి పెట్టుకోండి.

చెల్లె 2023లో ఎల్‌బీ నగర్ దిక్కు ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేరింది. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నయ్. పెద్దన్న మళ్లీ స్కూల్లనే ఉన్నడు. చిన్నోడు ఇప్పుడు ఒక పెద్ద షోరూంలో, స్లిప్ తోని పనిచేస్తున్నడు. పీఎఫ్ పేర్లు సరిచేసుకునే ఫారం ఎట్ల నింపాలో అవుట్‌సోర్సింగ్ అన్నకు బాగా తెలుసు, ఆయన ఈ గ్రూపులనే ఉన్నడు. ఎవరికన్న అవసరముంటే మొహమాట పడకుండా ఇక్కడ అడగండి, ఆదివారాలు కూసొని చేసి పెడతమన్నడు.